ఒక్క రూపాయి లైసెన్సు, పార పోటుకు ఆగిన దేశం

మా వీధిలో నెట్ పోయిందంటే అందరి చూపూ ముందు గోడకు తగిలించిన తెల్ల డబ్బా మీదకే పోతుంది. ఎర్ర లైటు మిణుకుతుంటే ఎక్కడో ఫైబర్ తెగిందన్నమాట. మొన్న వాన వెలిశాక అలాగే అయింది. కేబుల్ కుర్రాడు ఒక నిచ్చెన, చిన్న సూట్‌కేసంత పెట్టె మోసుకొచ్చాడు. నిచ్చెన కదలకుండా పట్టుకోమని నన్ను పిలిచాడు. తెగిన తీగ రెండు కొసల మీదా నల్ల తొడుగు ఒలిచి, లోపలి రంగు పూత గీకి, స్పిరిట్‌తో తుడిచాడు. మిగిలింది ఒక గాజు పోగు. దాని మందం 125 మైక్రాన్లు. అందులోనూ వెలుతురు ప్రయాణించే నడిమి భాగం 9 మైక్రాన్లే. తల వెంట్రుక దానికి ఏడెనిమిది రెట్లు లావుంటుంది. కొసలు రెండూ నున్నగా కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిటికెలో ఒక మెరుపు, గాజు కరిగి రెండు కొసలూ ఒకటయ్యాయి. తెర మీద లాస్ 0.02 అని పడింది. "బాగానే పట్టిందండీ," అన్నాడు.

ఆ తీగ ఆ స్తంభం మీద ఉండొచ్చా, ఆ కుర్రాణ్ని పనిలో పెట్టుకున్న ఆపరేటరు సర్కారుకు ఎంత కట్టాలి, ఆ గాజులో పోయే సినిమాకు ఒక రేటు, ఉత్తరానికి ఒక రేటు పెట్టొచ్చా... ఇవేవీ నిచ్చెన మీద తేలేవి కావు. ఇంటర్నెట్ ప్రొవైడర్ల లోకపు వింతలు పోగేస్తూ వచ్చిన నాకు, దాదాపు ప్రతి రికార్డు వెనకా యంత్రం కంటే ముందు ఒక సర్కారీ కాగితం కనిపించింది. వాటిలో కొన్ని ఇవి.

అతి పాత చట్టం, అతి చవక లైసెన్సు

మన దేశంలో ఇంటర్నెట్ ప్రొవైడర్లకు లైసెన్సులిచ్చిన చట్టం 1885 నాటిది. ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. టక్కుటిక్కుమనే తంతి తీగల కోసం తెల్లదొరలు రాసుకున్న ఆ చట్టమే డయల్-అప్‌నూ, కేబుల్‌నూ, ఫైబర్‌నూ మోసింది. దాని స్థానంలో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది 2023లో. నూట ముప్పై ఎనిమిదేళ్ళు!

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. అయిదు మెగాబైట్ల పాట ఒక్కటి దిగాలంటే మధ్యలో ఫోన్ లైన్ తెగకుండా గంటా పది నిమిషాలు పట్టేది. అప్పటికి దేశమంతటికీ ఇంటర్నెట్ అమ్మే దుకాణం అదొక్కటే.

1998 నవంబర్‌లో ప్రైవేటు వాళ్ళకు తలుపు తీశారు. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది ఫీజు. మొదటి అయిదేళ్ళూ సున్న. ఆ తర్వాత ఏడాదికి ఒక్క రూపాయి. దేశం మొత్తానికి లైసెన్సు తీసుకున్నా అంతే, ఒక్క టెలిఫోన్ జిల్లాకు తీసుకున్నా అంతే. మొబైల్ కంపెనీలు వేల కోట్ల లైసెన్సు బాకీలతో సతమతమవుతున్న కాలమది. ఇంటర్నెట్‌ను పసిబిడ్డలా చూసుకోవాలని అప్పట్లో ఎవరో గట్టిగా అనుకున్నారు. ఆ ఆలోచన వల్లే మన ఊళ్ళలో కేబుల్ టీవీ నడిపేవాళ్ళు కూడా ఇంటర్నెట్ వైపు రాగలిగారు.

ప్రైవేటు ప్రొవైడర్లలో మొదట బరిలో దిగింది సత్యం ఇన్ఫోవే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పుట్టించిన ఈ సంస్థ ఏడాది తిరక్కుండానే, 1999 అక్టోబర్‌లో, అమెరికా నాస్‌డాక్‌లో నమోదైంది. అక్కడికి చేరిన తొలి భారతీయ ఇంటర్నెట్ సంస్థ అదే. మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల గుంపును 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. నెట్ అంటే ఏమిటో దేశంలో చాలామందికి తెలియని రోజుల్లో ఆ అంకె చూసి పత్రికలు నోరు వెళ్ళబెట్టాయి.

ఎరువుల కంపెనీకి పదిహేను వేల కోట్ల బిల్లు

ఒక్క రూపాయితో మొదలైన కథ ఎక్కడికి చేరిందో చూడండి. లైసెన్సు ఉన్న సంస్థ తన ఆదాయంలో కొంత శాతం సర్కారుకు కట్టాలన్న పద్ధతి తర్వాత్తర్వాత బలపడింది. మరి ఆదాయమంటే ఏది? ఫోన్, నెట్ మీద వచ్చిందా, కంపెనీకి అన్ని దారుల్లో వచ్చిందా? పదహారేళ్ళకు పైగా కోర్టుల్లో నలిగిన ఈ ప్రశ్నకు 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు సర్కారు వైపు తీర్పిచ్చింది: అన్ని దారుల్లో వచ్చినదీ లెక్కే.

మొబైల్ కంపెనీల గగ్గోలు అందరూ విన్నారు. అసలు వింత మరొక చోట జరిగింది. గుజరాత్ నర్మదా వ్యాలీ ఫెర్టిలైజర్స్ అనే ఎరువుల కంపెనీ దగ్గర ఇంటర్నెట్ లైసెన్సొకటి, శాటిలైట్ లైసెన్సొకటి ఉన్నాయి. యూరియా అమ్మిన డబ్బుతో సహా లెక్కగట్టి 15,019 కోట్ల రూపాయలు కట్టమని నోటీసు పంపారు. సహజవాయువు గొట్టాలు నడిపే గెయిల్‌కు వచ్చిన నోటీసు ఇంకా పెద్దది: 1.7 లక్షల కోట్ల పైమాటే. ఆ కంపెనీ నికర విలువకు మూడు రెట్లకు మించిన బిల్లు! ప్రపంచంలో ఇంటర్నెట్ లైసెన్సు పేరున ఇంతకంటే పెద్ద బిల్లు మరొకటి నా కంటపడలేదు.

2020 జూన్‌లో సుప్రీంకోర్టే, ప్రభుత్వ రంగ సంస్థల మీద ఈ డిమాండేమిటని గట్టిగా అడిగింది. ఆ నెలలోనే టెలికాం శాఖ వాటి మీద వేసిన మొత్తంలో 96 శాతం వెనక్కి తీసుకుంది. టెలికాంతో సంబంధం లేని ఆదాయాన్ని లెక్కలోంచి తీసేస్తున్నట్టు 2021 సెప్టెంబర్‌లో సర్కారు ప్రకటించింది. ఒక్క మాటకు అర్థం మొదట్లోనే తేటగా రాసి ఉంటే ఇన్నేళ్ళ వ్యాజ్యం తప్పేది కదా!

స్తంభమెక్కిన ఇంటర్నెట్

అమెరికా టెనెస్సీ రాష్ట్రంలో చట్టనూగా అనే ఊరుంది. అక్కడి మునిసిపల్ కరెంటు సంస్థ, తన స్తంభాల వెంటే ఫైబర్ లాగి, 2010లో ఊరందరికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగం ఇచ్చింది. ఊరు ఊరంతా గిగాబిట్ అందుకోవడంలో అమెరికాకంతటికీ అదే మొదటిది. 2015లో పది గిగాబిట్లు, 2022లో ఇరవై అయిదు. చుట్టుపక్కల పల్లెలు మాకూ ఇవ్వమని అడిగితే మాత్రం రాష్ట్ర చట్టం అడ్డుపడింది: కరెంటు సరఫరా చేసే హద్దు దాటి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. అమెరికా కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ ఆ అడ్డు తీసేస్తూ 2015లో ఉత్తర్వు ఇస్తే, మరుసటేడు అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. హద్దుకు ఇవతల ప్రపంచంలోనే మేటి వేగం, అవతల నత్తనడక.

కరెంటు స్తంభాన్నే నమ్ముకున్న మరో పెద్ద ప్రయోగం మనది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ దాదాపు 24,000 కిలోమీటర్ల ఫైబర్‌ను విద్యుత్ స్తంభాల మీదుగా వేసింది. భూమి తవ్వి వేస్తే అయిదు వేల కోట్ల దాకా అవుతుందన్న పనిని 333 కోట్లలో మొదటి దశ ముగించామని అప్పట్లో చెప్పారు. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నారు. గాజులో కరెంటు పారదు కనుక, లోహం లేని తీగను విద్యుత్ తీగల పక్కనే వేలాడదీయడం సాధ్యమైంది. ఖర్చు తగ్గిన మాట నిజమే కానీ, తుఫాను గాలికి స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ రెండూ ఒకేసారి పోతాయి. కోస్తా జిల్లాల వాళ్ళకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెలంగాణ మరో దారి పట్టింది. మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ పరిచింది. ఒకే తవ్వకంతో రెండు పనులు!

పల్లెలకు ఫైబర్ అనే కేంద్ర పథకానికి, అంటే ఇప్పటి భారత్‌నెట్‌కు, తొలి ప్రయోగం చేసిన మూడు చోట్లలో ఒకటి మన విశాఖ పక్కనున్న పరవాడ మండలం. తక్కినవి రాజస్థాన్‌లో అరాయిన్, త్రిపురలో పానీసాగర్. సంవత్సరం 2012. పరవాడ వాళ్ళలో ఎందరికి ఈ సంగతి గుర్తుందో!

హైదరాబాద్ రికార్డు వేరు. 2017 మార్చిలో యాక్ట్ ఫైబర్‌నెట్ ఇక్కడ ఒక గిగాబిట్ వేగాన్ని నెలకు 5,999 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఊరంతటికీ గిగాబిట్ ఇచ్చిన తొలి భారతీయ నగరంగా పేరొచ్చింది. 1995లో గంటా పది నిమిషాలు తీసుకున్న పాటకు ఈ తీగలో సెకనులో ఇరవై అయిదో వంతు చాలు. అదే నగరం 2025 ఆగస్టులో మరో ముఖం చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వెంటనే విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్ళు కత్తిరించడం మొదలుపెట్టారు. ఇళ్ళ నుంచి పనిచేసుకునేవాళ్ళ నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. పోయిన ప్రాణాల ముందు నెట్ ఒక లెక్క కాదు. స్తంభానికి అద్దె ఎంత, ఎత్తు ఎంత, ఎన్ని తీగలు వేయొచ్చు అన్నది ఏళ్ళ క్రితమే కచ్చితంగా అమలు చేసి ఉంటే, ఈ రెండిట్లో ఏది కావాలో ఎంచుకోవలసిన దుస్థితే వచ్చేది కాదు.

రుమేనియా గురించి ఒక్క మాట. 1990ల్లో అక్కడి అపార్టుమెంట్ల కుర్రాళ్ళు ఒక మేడ నుంచి ఇంకో మేడకు తీగలు లాగి సొంత నెట్‌వర్కులు కట్టుకున్నారు. అనుమతుల పట్టింపు అప్పట్లో పెద్దగా లేదు. ఆ వాడకట్టు నెట్‌వర్కులే పెద్దవై, ఐరోపాలో అతి వేగం, అతి చవక ఇంటర్నెట్ దొరికే దేశాల్లో ఒకటిగా దాన్ని నిలబెట్టాయి. బుఖారెస్ట్ స్తంభాల మీద తీగల చిక్కుముళ్ళు చూస్తే మన హైదరాబాద్ కోఠి గుర్తుకొస్తుంది.

బ్రాడ్‌బ్యాండ్ అంటే ఎంత?

మన సర్కారు నిర్వచనం 2004లో 256 కిలోబిట్లు, 2013లో 512 కిలోబిట్లు, 2023 నుంచి 2 మెగాబిట్లు. అమెరికాలో 2024 మార్చి నుంచి అది 100 మెగాబిట్లు, పైకి పంపడానికి 20. అంటే మనం బ్రాడ్‌బ్యాండ్ అని కోట్లలో లెక్కపెట్టే కనెక్షన్లలో ఎన్నో అక్కడ లెక్కలోకే రావు. ఫిన్లాండ్ ఇంకో పని చేసింది. 2010 జూలై 1 నుంచి ఒక మెగాబిట్ కనెక్షన్‌ను ప్రతి పౌరుడి చట్టబద్ధ హక్కుగా మార్చింది. అలా చేసిన మొదటి దేశం అదే.

ఉత్తరాల వరద

2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక చర్చాపత్రం వేసి జనాభిప్రాయం అడిగింది. ప్రొవైడరు ఒక వెబ్‌సైట్‌కు ఒక రేటు, మరో దానికి మరో రేటు పెట్టొచ్చా అన్నది అందులో ముఖ్యమైన సంగతి. మామూలుగా ఇలాంటి పత్రాలకు కంపెనీల లాయర్లు తప్ప ఎవరూ జవాబు రాయరు. ఆసారి పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెల్లువెత్తాయి. కుర్రకారు, అంకుర సంస్థలవాళ్ళు, పాత్రికేయులు కలిసి నడిపిన ఉద్యమమది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చి చెప్పింది: చూసేదాన్ని బట్టి డేటాకు రేటు మార్చకూడదు. మారిస్తే రోజుకు 50,000 రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. ఫేస్‌బుక్ ఉచితంగా ఇస్తానన్న ఫ్రీ బేసిక్స్ ఆ దెబ్బతో ఈ దేశం విడిచిపోయింది. నా లెక్కలో, ఈ పాతికేళ్ళలో సామాన్యుడు టెలికాం విధానాన్ని మలిచిన ఘట్టాల్లో ఇంతటిది లేదు.

అమెరికాలో ఇదే విషయం మీద 2017లో వచ్చిన అభిప్రాయాలు 2 కోట్ల 20 లక్షల పైన. సంఖ్యలో అదే రికార్డు. కానీ న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం నాలుగేళ్ళు ఆరా తీసి 2021లో బయటపెట్టిందేమిటంటే, అందులో దాదాపు కోటీ 80 లక్షలు దొంగవి. 77 లక్షలు ఒక్క పంతొమ్మిదేళ్ళ కాలేజీ కుర్రాడు సాఫ్ట్‌వేర్‌తో గుమ్మరించినవి. ఇంకో 85 లక్షలు ప్రొవైడర్ల సొమ్ముతో నడిచిన ప్రచారానివి. ఆ దేశంలో నియమం 2015లో వచ్చింది, 2017లో పోయింది, 2024లో మళ్ళీ వచ్చింది, 2025 జనవరిలో కోర్టు మళ్ళీ కొట్టేసింది. మన పది లక్షల ఉత్తరాలతో నిలబడిన నియమం మాత్రం అలాగే ఉంది.

పార పోటు

2011 మార్చి 28. జార్జియాలో డెబ్భై అయిదేళ్ళ ముసలమ్మ ఒకావిడ పాత రాగి తీగ దొరుకుతుందేమోనని పారతో నేల తవ్వుతోంది. పార ఒక ఫైబర్ కేబుల్‌కు తగిలింది. ఆ కేబులే పొరుగు దేశం అర్మేనియాకు ఇంటర్నెట్ తెచ్చే ప్రధాన దారి. కొన్ని గంటల పాటు దాదాపు దేశమంతటా నెట్ నిలిచిపోయింది. ఇంటర్నెట్ అంటే ఏమిటో తనకు తెలియదని ఆ పెద్దావిడ ఏడుస్తూ చెప్పిందట. నాకు ఆమె మీద జాలి వేస్తుంది. దేశమంతటినీ ఒక్క తీగకు కట్టిన తప్పు ఆమెది కాదు కదా.

టోంగా పరిస్థితి ఇంకా దారుణం. 2022 జనవరిలో సముద్ర గర్భంలో అగ్నిపర్వతం బద్దలై, దేశానికున్న ఒకే ఒక్క అంతర్జాతీయ కేబుల్ తెగింది. అతికించడానికి అయిదు వారాలు పట్టింది.

మన దేశంలో సముద్ర కేబుళ్ళు గట్టెక్కే చోట్లు ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం. ఇంత పొడుగు తీరమున్న ఆంధ్రకు ఆ జాబితాలో చోటే లేకుండా పోయింది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల కేంద్రం ప్రకటించినప్పుడు, సముద్ర కేబుళ్ళ ద్వారం కూడా అందులో ఉందని చెప్పింది. డేటా సెంటర్ల గురించి అందరూ మాట్లాడారు. నాకు మాత్రం ఆ కేబుల్ మాటే పెద్దదనిపించింది. ముంబై, చెన్నైల దగ్గర ఏదైనా జరిగితే దేశానికి మరో దారి ఉంటుంది.

ఊరొదిలి పోయిన ట్విచ్

దక్షిణ కొరియా అంటే వేగానికి మారుపేరు. అక్కడ 'స్క్విడ్ గేమ్' వచ్చిన 2021లో, ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్ అనే ప్రొవైడరు నెట్‌ఫ్లిక్స్‌తో కోర్టులో పోరాడుతోంది. మూడేళ్ళలో మీ వీడియోల మోత ఇరవై నాలుగు రెట్లు పెరిగింది, మా తీగల ఖర్చులో వాటా ఇవ్వండి అని దాని వాదన. 2023లో ఇద్దరూ రాజీపడ్డారు. ఆటల వీడియోల సంస్థ ట్విచ్ మాత్రం, నెట్‌వర్కు ఫీజులు ఇతర దేశాల కంటే పది రెట్లున్నాయంటూ 2024 ఫిబ్రవరిలో కొరియా నుంచే తప్పుకుంది. మన మొబైల్ కంపెనీల సంఘమూ ఇదే వాటా అడుగుతోంది. కొరియా అనుభవం చూశాక నాకీ ఆలోచన మంచిదనిపించడం లేదు. తీగకు చందాదారుడు ఇప్పటికే డబ్బు కడుతున్నాడు.

అడుగంటిన చిరునామాలు

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక నంబరు కావాలి. పాత పద్ధతిలో ఉన్నవి సుమారు 429 కోట్లు. తొలినాళ్ళలో వాటిని ఉదారంగా పంచారు. ఫోర్డ్ కార్ల కంపెనీ ఒక్కదానికే 1,67,77,216 ఇచ్చారు. 2011లో ప్రపంచ గోదాం ఖాళీ అయింది. 2019లో హామ్ రేడియో ప్రియుల సంస్థ తన దగ్గర పడి ఉన్న నలభై లక్షల పైచిలుకు నంబర్లను అమెజాన్‌కు అమ్మితే 10.8 కోట్ల డాలర్లు వచ్చాయి. మన చిన్న ఆపరేటర్లకు అంత స్తోమత ఎక్కడిది? ఒకే నంబరు వెనక వందలాది ఇళ్ళను సర్దుతారు. ఎవరు ఎప్పుడు ఏ నంబరు వాడారో రెండేళ్ళు భద్రపరచాలన్నది 2021 నాటి లైసెన్సు షరతు. ఆ రికార్డులు దాచడానికే వేరే సర్వర్లు కొనాలి. కొత్త పద్ధతి చిరునామాల వాడకంలో భారత్ ఇప్పుడు ప్రపంచంలో ముందు వరసలో ఉంది. ఆ ఘనత ఎక్కువగా మొబైల్ నెట్‌వర్కులది.

ఆ మొబైల్ నెట్‌వర్కులే ఇప్పుడు తీగ లేకుండా ఇంటికి నెట్ ఇస్తున్నాయి. జియో ఎయిర్‌ఫైబర్ 2023 వినాయక చవితి నాడు ఎనిమిది నగరాల్లో మొదలైంది, అందులో హైదరాబాద్ ఉంది. ఉపగ్రహం ద్వారా ఇస్తానన్న స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. దేశంలో ఇంటర్నెట్ లైసెన్సులున్న సంస్థలు వెయ్యికి పైనే. ట్రాయ్ లెక్కల్లో 98 శాతం బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు మాత్రం మొదటి అయిదింటి దగ్గరే. నిచ్చెన మోసుకొచ్చే మా కేబుల్ కుర్రాడి జీతం మిగిలిన ఆ రెండు శాతంలోంచి రావాలి.

అతి పొడుగు చీకటి

కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆగిన ఇంటర్నెట్, 4జీ వేగంతో తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరి 5న. ప్రజాస్వామ్య దేశాల్లో అంత సుదీర్ఘమైన కట్టడి మరొకటి లేదంటారు. మధ్యలో 2020 జనవరిలో నెట్ మళ్ళీ ఇచ్చినప్పుడు, 301 వెబ్‌సైట్ల జాబితా ఇచ్చి అవి తప్ప మరేవీ తెరుచుకోకూడదన్నారు. కోట్ల వెబ్‌సైట్లున్న లోకంలో మూడు వందల ఒకటి! ఆ గోడ కట్టాల్సిన బాధ్యత ప్రొవైడర్లదే.

ఇలాంటి కట్టడి మన దగ్గరా వచ్చింది. కోనసీమలో మోరి అనే ఊరుంది. 2016 చివర్లో ఆంధ్రలో ఇంటింటికీ ఫైబర్ అందుకున్న మొదటి పల్లెగా పేరు తెచ్చుకుంది. అమలాపురం వాళ్ళు, రాజోలు వాళ్ళు దాని సంగతి గొప్పగా చెప్పుకున్నారు. అదే కోనసీమలో 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అల్లర్లు చెలరేగాయి. మొబైల్ నెట్ ఆపేశారు. కరోనా తర్వాత ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు రోజుల తరబడి ల్యాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని గోదావరి గట్లకు చేరారు. అవతలి ఒడ్డు జిల్లాలోంచి వచ్చే సిగ్నల్ ఎక్కడ అందితే అక్కడ, చెట్టు నీడన, ఎండ నెత్తి మీదకు వచ్చేదాకా కూర్చుని పని చేసుకున్నారు.